మేస్త్రి, మా నాయన, లాంబోర్గిని

లాంబోర్గిని ఫ్యాక్టరీ ఉండేది నగరంలో కాదు, పొలాల్లో. ఇటలీలో బొలోన్యా నుంచి వాయవ్యంగా పాతిక కిలోమీటర్లు వెళ్తే సాంతాగాత బొలొన్యేజె అనే చిన్న ఊరు వస్తుంది. చుట్టూ గోధుమ, మొక్కజొన్న, ద్రాక్ష, పియర్ తోటలు. ఎంత దూరం చూసినా గుట్టన్నది కనబడదు, అంతా చదును నేల. నేను బొలోన్యాలో చదువు ముగించి, అక్కడి ప్యాకింగ్ మిషన్ల కంపెనీల్లో ఒకదానిలో ఉద్యోగానికి చేరినప్పుడు, అద్దె తక్కువని పక్కనే ఉన్న సాన్ జొవాన్ని ఇన్ పెర్సిచేతోలో ఇల్లు తీసుకున్నాను. 2000ల మొదట్లో మాట. నా జీవితంలో బాగా కలిసొచ్చిన నిర్ణయాల్లో అదొకటి.

ఉదయం డ్యూటీకి బయల్దేరితే, రోడ్డు మీద కొత్త కార్లను పరీక్షకు తిప్పుతూ ఉండేవాళ్లు. ముందు మోత వినబడేది, తర్వాత ఎప్పటికో కారు కనబడేది. చేలో పని చేసుకునేవాళ్లు తలైనా ఎత్తేవాళ్లు కాదు. నేను మాత్రం సైకిల్ ఆపి నిలబడేవాణ్ణి. చిత్తూరు దగ్గర మా ఊళ్లో తొంభైల మొదట్లో లాంబోర్గిని అంటే నోటుబుక్కు లేబుల్ మీద ఎర్రటి బొమ్మ. తలుపులు పైకి లేచి ఉన్న కౌంటాష్. ఆ లేబుల్ ఉన్న పుస్తకానికి లెక్కల పుస్తకమైనా సరే గౌరవం ఎక్కువ. ఆ కారును ఎవరో మనుషులు చేత్తో చేస్తారని, వాళ్లకూ ఒక ఊరుంటుందని, మధ్యాహ్నం అన్నానికి ఇంటికెళ్తారని అప్పుడు ఊహ కూడా లేదు.

అలాంటి మనిషి ఒకాయన మా ఇంటి ఓనరు. పేరు ఇక్కడ చెప్పను, ఆయనకు ఇష్టం ఉండదు. మేస్త్రి అంటాను. మన దగ్గర టింకరింగ్ షెడ్డులో రేకు కొట్టేవాళ్లను పిలిచినట్టే. 1970ల్లో కౌంటాష్ తయారీ మొదలైన రోజుల్లో ఆ ఫ్యాక్టరీలో చేరి, రేకు కొడుతూనే రిటైరయ్యాడు. కుడిచెవి సగం వినబడదు. సుత్తి మోత తినేసిందని చెప్పేవాడు, అందులో ఫిర్యాదేమీ లేదు.

ఆయన చెప్పేదాకా నాకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ కౌంటాష్‌కు ప్రెస్సు మిషన్లో అచ్చుకొట్టిన రేకు అంటూ దాదాపు లేదు. లోపల సన్నటి ఉక్కు గొట్టాలు అల్లి వెల్డింగ్ చేసిన చట్రం. దాని మీద అల్యూమినియం రేకు. ఆ రేకును చేత్తో కొట్టి, కారు ఆకారంలో చెక్కిన పెద్ద కొయ్య దిమ్మె మీద పెట్టి సరిచూసి, మళ్లీ కొట్టి, మళ్లీ పెట్టి చూసేవాళ్లు. అందుకే ఒక కారు తలుపు ఇంకో కారుకు అచ్చంగా సరిపోదు. ఏ కారు తలుపు ఆ కారుదే.

ఒకరోజు నా పాత ఫియట్ తలుపు ఎవరో గుద్దేసి సొట్ట పెట్టారు. షెడ్డుకు తీసుకెళ్తానంటే మేస్త్రి వద్దన్నాడు. లోపలి అట్ట ఊడదీసి, బయట ఒక చేత్తో ఇనుప దిమ్మె ఆనించి, లోపలి నుంచి చిన్న సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. గట్టిగా కాదు, వర్షపు చినుకులు పడ్డట్టు. నాలుగు దెబ్బలు వేసి ఆగేవాడు, కళ్లు మూసుకుని అరచేత్తో రేకును నిమిరేవాడు. మళ్లీ నాలుగు దెబ్బలు. నేను చూస్తే అంతా చదునుగానే ఉంది. "కంటికి తెలియదు నాయనా, కన్ను పెయింట్‌ను చూస్తుంది, రేకును చెయ్యి చూస్తుంది" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించాడు. నిజమే, గోరంత గుంట ఒకటి తగిలింది. దాన్ని కూడా తీసేదాకా ఆయన భోజనానికి లేవలేదు. ముప్పై ఏళ్లు కౌంటాష్‌కు, దాని తర్వాత వచ్చిన డయాబ్లోకు అలవాటైన చెయ్యి నా పాత ఫియట్ తలుపుకూ అదే మర్యాద చేసింది.

ఆ తర్వాతే నాకు ఈ కంపెనీ చరిత్ర మీద నిజమైన ఆసక్తి పుట్టింది. అప్పటిదాకా గుర్రపుశక్తి ఎంత, వేగమెంత అన్నదే నాకు తెలిసిన చరిత్ర.

కంపెనీ పెట్టిన ఫెర్రూచో లాంబోర్గిని రైతుబిడ్డ. 1916 ఏప్రిల్ 28న చెంతో పట్టణం దగ్గర రెనాత్సో అనే ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులది ద్రాక్ష పండించే కుటుంబం. ఈయనకు చేలో కంటే పనిముట్ల కొట్టంలోనే మనసు. రెండో ప్రపంచ యుద్ధంలో రోడ్స్ దీవిలో సైన్యం బండ్లు బాగుచేసే పనిలో ఉన్నాడు. అక్కడ స్పేరు పార్టులు దొరకవు, ఉన్నదానితోనే బండి కదలాలి. చివర్లో ఇంగ్లీషువాళ్లకు ఖైదీగా చిక్కి, 1946లో ఇల్లు చేరాడు. మరుసటి ఏడాది కొడుకు తోనీనో పుట్టాడు, ఆ కాన్పులోనే భార్య చనిపోయింది. ఆ దుఃఖంలో ఉన్న మనిషే ఏడాది తిరక్కుండా ట్రాక్టరు తయారుచేసి చెంతోలో గ్రామదేవత తిరునాళ్ల లాంటి సాన్ బ్యాజో పండుగకు, 1948 ఫిబ్రవరిలో, నలుగురిలో పెట్టాడు.

దాని పేరు కరియోకా. యుద్ధం వదిలేసిపోయిన లారీల్లోని మోరిస్ ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ దీనికి గుండె. యుద్ధం అయ్యాక ఇటలీలో పెట్రోలు రేటు రైతుకు అందేది కాదు. ఫెర్రూచో చేసిన మంచి పని ఏమిటంటే, పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కాక చవకైన డీజిలుకు మారేలా ఇంధనాన్ని ఆవిరిచేసే ఏర్పాటు ఒకటి అమర్చడం.

దీన్ని పుస్తకంలో చదివినప్పుడు నాకు సగమే అర్థమైంది. మిగతా సగం మా నాయన అర్థం చేయించాడు.

నాయన ఒక వేసవిలో నా దగ్గరికి వచ్చాడు. జీవితమంతా సేద్యం చేసిన మనిషి, విమానం ఎక్కడం అదే మొదలు. బొలోన్యా చర్చిలు, వరండాల వీధులు అన్నీ చూపించాను. మర్యాదకు చూశాడు. ఆపైన మేస్త్రి తన కారులో మమ్మల్నిద్దర్నీ ఫూనోలో ఉన్న ఫెర్రూచో లాంబోర్గిని మ్యూజియానికి తీసుకెళ్లాడు. 2014లో కొడుకు తోనీనో ఆధ్వర్యంలో అక్కడ ఏర్పాటైంది. లోపల ఫెర్రూచో సొంతంగా వాడుకున్న మియూరా కారు ఉంది. ఆయన ప్రయత్నించిన హెలికాప్టరు నమూనా ఉంది. లాంబోర్గిని ఇంజన్లతో నడిచిన పడవ ఉంది. నేను మియూరా దగ్గర ఆగిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే నాయన లేడు.

ట్రాక్టర్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టకూడదు కాబట్టి మెడ మాత్రం చాచి, కరియోకా ఇంజన్ పక్కనున్న గొట్టాల వెంట కళ్లతోనే పోతున్నాడు. ట్యాంకు దగ్గర నుంచి కిందికి, అక్కడి నుంచి ఇంజన్‌కు.

"ఒరే, ఇది మన కిరసనాయిలు ఇంజనే కదరా" అన్నాడు.

"ఏది నాయనా?"

"మన పాత బాయి కాడ ఉన్నింది చూడబ్బా. చిన్న ట్యాంకులో పెట్రోలు పోసి స్టార్ట్ చేసేది, కాగినాక కిరసనాయిలుకు తిప్పేది. చల్లగా ఉండేటప్పుడు తిప్పితే నిలబడిపోయేది. ఈయప్ప కూడా అట్లే చేసినాడు. రెండు గొట్టాలు చూడు, ఆడ కలుస్తుండాయి."

ఇంజనీరింగ్ చదివిన నాకు కనబడనిది ఆయనకు రెండు నిమిషాల్లో కనబడింది. ఇది మేస్త్రికి ఇటాలియన్‌లో చెప్పాను. ఆయన నాయన పక్కనే తనూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇక వాళ్లిద్దరికీ నా అవసరం లేకుండాపోయింది. నాయన తెలుగులో, మేస్త్రి బొలోన్యా యాసలో, చేతులతో చూపించుకుంటూ మాట్లాడుకున్నారు. పక్కన తండ్రితో వచ్చిన పిల్లాడు ఒకడు మియూరాను వదిలి వీళ్లను చూడ్డానికి వచ్చి నిలబడ్డాడు.

యుద్ధం మిగిల్చిన ఇనుముతో మొదలైన ఆ పని చెంతోలో పెద్ద ట్రాక్టర్ల కంపెనీ అయింది. 1960 ప్రాంతానికి ఇళ్లు వేడిచేసే బర్నర్ల ఫ్యాక్టరీ కూడా పెట్టాడు ఫెర్రూచో. చేతిలో డబ్బు ఆడింది, మంచి కార్లు కొన్నాడు, వాటిలో ఫెరారీలూ ఉన్నాయి. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే: ఫెరారి క్లచ్ మాటిమాటికీ పాడైతే, విప్పి చూస్తే తన ట్రాక్టరులో వాడే క్లచ్ లాంటిదే ఉందని, వెళ్లి ఆ కంపెనీ యజమాని ఎంజో ఫెరారికి చెబితే, ట్రాక్టర్లు నడుపుకునేవాడివి నీకు కార్ల సంగతి ఎందుకన్నట్టు మాట్లాడాడని. ఫెర్రూచో తర్వాతి రోజుల్లో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న కథే ఇది. నాకు ఈ కథ ఇష్టమే, కానీ మొత్తం దీని మీదే నిలబెట్టడం ఆయనకు అన్యాయం అనిపిస్తుంది. కోపంతో మనిషి ఒక కారు తయారుచేస్తాడేమో, ఫ్యాక్టరీ కట్టడు. లెక్కలు చూసుకునే వ్యాపారి ఆయన. ఖరీదైన కార్లలో లాభం ఎంతుందో, వాటిని కొనేవాళ్లు దేనికి విసుక్కుంటున్నారో, తనే కొనేవాడు కాబట్టి తెలుసు. మోత ఎక్కువ, లోపల వేడి, రిపేర్లు ఎక్కువ. ఇవేవీ లేని, దూరప్రయాణానికి హాయిగా ఉండే వేగమైన కారు చేయాలన్నది ఆయన ఆలోచన. రేసుల్లో దిగడానికి చివరిదాకా ఒప్పుకోలేదు.

1963లో సాంతాగాతలో ఖాళీ పొలంలో ఫ్యాక్టరీ లేచింది. ఇంజన్ డిజైన్ చేయడానికి ఫెరారి నుంచి బయటికొచ్చిన జొత్తో బిత్సారీనిని పెట్టుకున్నారు. ఎంత గుర్రపుశక్తి ఎక్కువ రాబడితే అంత డబ్బు ఎక్కువ అన్నది ఒప్పందం. దాంతో ఆయన రేసుకారుకు పనికొచ్చే ఇంజన్ చేసిపెట్టాడు: 12 సిలిండర్లు, మూడున్నర లీటర్లు. రోడ్డు మీద తిరిగే మనిషికి అంత ఉద్రేకం పనికిరాదని తర్వాత దాన్ని కాస్త శాంతపరచాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర్లో టూరిన్ ప్రదర్శనలో 350 జీటీవీ పేరుతో తొలి కారును నిలబెట్టారు. ఇంజన్ బానెట్ కింద పట్టలేదు. బరువు కోసం లోపల టైల్స్ పేర్చి, బానెట్ తెరవకుండా ప్రదర్శన గడిపేశారు. మరుసటి ఏడాది అదే కారు మార్పులతో 350 జీటీగా మార్కెట్లోకి వచ్చింది, 120 చేశారు.

ఇక్కడే నాకు ఆశ్చర్యం తీరని విషయం ఉంది. ఆ ఫ్యాక్టరీని నడిపింది కుర్రాళ్లు. చీఫ్ ఇంజనీరు జ్యాన్‌పావలో దల్లారా చేరేనాటికి ఇరవై ఆరేడేళ్లవాడు. పక్కన పావలో స్తాంజాని, అదే వయసు. కార్లు నడిపి పరీక్షించే బాబ్ వాలెస్ న్యూజీలాండ్ నుంచి వచ్చినవాడు, ఇంకా చిన్న. 1966 మార్చిలో జెనీవాలో మియూరాను చూపించిన రోజుకు, దాని ఒళ్లు గీసిన బెర్తోనె కంపెనీ డిజైనర్ మార్చెల్లో గాందీనితో సహా ఈ నలుగురిలో ఎవరికీ ముప్పై నిండలేదు. పగలు యజమాని చెప్పిన కార్లు, సాయంత్రం తమకు నచ్చిన కారు: అలా పుట్టింది మియూరా. ఇంజన్‌ను సీట్ల వెనక అడ్డంగా పెట్టారు. 12 సిలిండర్ల ఇంజన్‌ను అడ్డంగా పెట్టడమంటే చోటు చాలదు, అందుకే గేర్‌బాక్సును ఇంజన్‌తో పాటే ఒకే పోతలో పోశారు, రెండింటికీ నూనె కూడా ఒకటే. 1965 నవంబరులో టూరిన్‌లో పైన ఒళ్లు లేకుండా, చిల్లులు చిల్లుల చట్రాన్ని మాత్రమే ప్రదర్శనకు పెడితే జనం దాని చుట్టే తిరిగారట. కంపెనీకి ప్రచారానికి పనికొస్తుంది, ఓ యాభై అమ్ముడైతే చాలు అనుకున్నాడు ఫెర్రూచో. ఏడు వందల అరవై పైచిలుకు అమ్ముడయ్యాయి.

మ్యూజియంలో దాని పక్కన నిలబడితే ముందు తట్టేది ఎత్తు. నా నడుం దాకా వచ్చింది. ముందు దీపాల చుట్టూ కనురెప్పల్లాంటి నల్లటి గీతలు మామూలు మియూరాకు ఉంటాయి, మియూరాల్లో చివరి రకమైన ఎస్‌వీకి ఉండవు. ఫెర్రూచో ఉంచుకున్నది ఎస్‌వీ. మేస్త్రి దాని మీద చెయ్యి వేయలేదు, గాల్లోనే వెనక చక్రం మీది వంపు వెంట అరచెయ్యి పోనిచ్చాడు. "ఇది బెర్తోనెవాళ్ల రేకు, మాది కాదు. మంచి పని" అన్నాడు. ఆ నోట మంచి పని అన్న మాట తేలిగ్గా రాదు.

కౌంటాష్ వేరే జాతి. 1971లో జెనీవాలో పసుపు రంగు నమూనా చూపించారు, అమ్మకానికి వచ్చింది 1974లో. దాన్నీ గాందీనియే గీశాడు, లోపలి అమరిక స్తాంజానిది. అడ్డంగా పెట్టిన ఇంజన్‌తో ఇబ్బందులు చూశారు కాబట్టి ఈసారి నిలువుగా తిప్పి, గేర్‌బాక్సును ఇంజన్ ముందు, రెండు సీట్ల మధ్యకు తెచ్చారు. గేర్ రాడ్డు సూటిగా గేర్‌బాక్సులోకే దిగుతుంది, మధ్యలో పొడవాటి లింకులు లేవు. శక్తి మాత్రం మళ్లీ వెనక చక్రాలకు వెళ్లాలి, అందుకని షాఫ్టును ఇంజన్ నూనె తొట్టి గుండానే వెనక్కి పంపారు. చూడ్డానికి అంత దూకుడుగా ఉన్న కారులో అంత శుభ్రమైన ఆలోచన ఉందని తెలిశాక దాని మీద నా గౌరవం రెట్టింపయింది. నోటుబుక్కు లేబుల్ మీది బొమ్మకు లోపల ఇంత సంగతి ఉంది మరి. వెనక్కి చూడ్డం మాత్రం గగనమే. రివర్సు చేయాలంటే తలుపు పైకెత్తి, అంచు మీద కూర్చుని, తల బయటపెట్టి, వెనక్కి చూస్తూ నడపాలి. ఫ్యాక్టరీ ఆవరణలో వాలెస్ అలాగే నడిపేవాడని మేస్త్రి కుర్చీ మీద పక్కకు కూర్చుని చేసి చూపించాడు.

ఆ కారు అమ్మకానికి వచ్చేనాటికి కంపెనీ ఫెర్రూచో చేయి జారిపోయింది. బొలీవియా నుంచి వచ్చిన పెద్ద ట్రాక్టర్ల ఆర్డరు అక్కడ ప్రభుత్వం మారగానే రద్దయింది, చేసిపెట్టిన ట్రాక్టర్లు మిగిలిపోయాయి. ఇటలీ అంతటా ఫ్యాక్టరీల్లో సమ్మెలు. 1972లో కార్ల కంపెనీలో 51 శాతం ఒక స్విస్ వ్యాపారికి, 1974లో మిగతా వాటా అతని స్నేహితుడికి అమ్మేశాడు. ట్రాక్టర్ల కంపెనీ సామె అనే మరో ఇటాలియన్ కంపెనీకి వెళ్లింది. ఆ కంపెనీ వారసులే తర్వాత మా చిత్తూరుకు దగ్గర్లోని రాణిపేటలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ పెట్టారు. నాయనకు ఈ మాట చెప్పినప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూడాలి, రాణిపేటకు ఎన్నిసార్లు వెళ్లొచ్చాడో. ఫెర్రూచో ఉంబ్రియాలో ట్రాసిమేనో సరస్సు దగ్గర భూమి కొనుక్కుని ద్రాక్షతోట వేశాడు, మియూరా పేరు మీదే ఎర్ర వైన్ చేశాడు. తండ్రి చేసిన సేద్యానికే తిరిగి వెళ్లాడు. 1993 ఫిబ్రవరిలో చనిపోయాడు.

ఫెర్రూచో అమ్మేశాక పాతికేళ్లు ఆ కార్ల ఫ్యాక్టరీ పడ్డ పాట్లు చెప్పుకుంటూ పోతే తెమలదు. చమురు రేట్లు మండిపోయాయి, పెద్ద కార్లు కొనేవాళ్లు తగ్గారు. బీఎండబ్ల్యూ కోసం ఎం1 కారు చేసిపెట్టే కాంట్రాక్టు చేతికొచ్చి చేజారింది. 1978లో దివాలా. కోర్టు పెట్టిన అధికారి కింద కొద్దిమంది మిగిలారు, ఉన్న సామానుతో ఏడాదికి కొన్ని కార్లు చేసుకుంటూ తలుపులు మూతపడకుండా కాపాడారు. తర్వాత మిమ్రాన్ అన్నదమ్ములు కొన్నారు, 1987లో అమెరికా కంపెనీ క్రైస్లర్ వచ్చింది, 1990లో డయాబ్లో కారు వచ్చింది, 1994లో ఇండోనేసియా వాళ్ల చేతికి పోయింది, చివరికి 1998లో ఆడి కొనుక్కుంది. యజమానులు ఎక్కడెక్కడి వాళ్లో. గేటు లోపల పని చేసేవాళ్లు మాత్రం సాంతాగాత, పెర్సిచేతో, చెంతో, క్రెవల్‌కోరె వాళ్లే.

నేను నమ్మేది ఇదే, ఎవరు కాదన్నా. ఆ కంపెనీని బతికించింది కొన్నవాళ్ల డబ్బు ఒక్కటే కాదు. దివాలా అయిన రోజుల్లో కూడా ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో రేకు కొట్టేవాళ్లు, ఇంజన్ కూర్చేవాళ్లు, తోలు కుట్టేవాళ్లు ఉన్నారు. అందుకే కొనడానికి అక్కడ ఏదో ఒకటి మిగిలింది. లేకపోతే కొత్త యజమాని కొనేది ఒక బోర్డు, కంపెనీ గుర్తయిన ఒక ఎద్దు బొమ్మ, నాలుగు గోడలు. ఆ ఇంజనే చూడండి. బిత్సారీని 1963లో గీసిన పన్నెండు సిలిండర్ల ఇంజన్ పెరుగుతూ, మారుతూ, మియూరాలో, కౌంటాష్‌లో, డయాబ్లోలో, ముర్సియెలాగోలో 2010 దాకా నడిచింది. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పని అందకుండా ఒక ఇంజన్ అన్నేళ్లు బతకదు.

దివాలా రోజుల గురించి మేస్త్రిని అడిగితే ఎక్కువ చెప్పేవాడు కాదు. "పొద్దున వెళ్లేవాళ్లం. పని ఉంటే చేసేవాళ్లం. లేకపోతే పనిముట్లకు నూనె రాసి పెట్టేవాళ్లం" అనేవాడు. "వేరే కంపెనీకి వెళ్లొచ్చుగా, ఫెరారి అరగంట దూరమేగా" అన్నాను ఒకసారి. ఆయన నన్ను కాసేపు చూసి, "ఆ కొయ్య దిమ్మె ఇక్కడుంది" అన్నాడు. కౌంటాష్ దిమ్మె గురించి.

ఆడి వచ్చాక జర్మన్లు కొలతల పిచ్చి తెచ్చారని ఊళ్లో మొదట సణిగేవాళ్లట. నేను వచ్చేనాటికి గయార్డో అనే కారు కొత్తగా వచ్చింది, పది సిలిండర్లది, చూస్తుండగానే ఊరు మారింది. పదేళ్లలో 14,022 గయార్డోలు. ఆడి చేతికి వచ్చేదాకా, 35 ఏళ్లలో సాంతాగాతలో చేసిన కార్లన్నీ కూడినా పది వేలు కావు. 2023లో ఒక్క ఏడాదిలోనే 10,112 కార్లు అమ్మారు. ఇటలీ పోలీసులకు ఇచ్చిన లాంబోర్గినీలు ముందు పెట్టెలో అవయవ మార్పిడి కోసం కిడ్నీలు తీసుకెళ్లడానికి కూడా వాడతారు. 2020లో ఒకటి పాడువా నుంచి రోమ్‌కు దాదాపు ఐదు వందల కిలోమీటర్లు రెండు గంటల్లో చేర్చింది. ఆ వార్త వచ్చిన రోజు మేస్త్రి నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. అంత ఉత్సాహంగా ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు.

2024 మార్చిలో గాందీని పోయినప్పుడు నేనే ఫోన్ చేశాను. అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేసి కొన్నేళ్లయింది. మేస్త్రికి ఎనభై దాటాయి, మనవరాలు ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో సీట్లకు తోలు కుట్టే విభాగంలో ఉంది. గాందీని గురించి రెండు ముక్కలే అన్నాడు: "గీత సూటిగా గీసేవాడు. సూటి గీతను రేకులో తేవడం చాలా కష్టం, వంపయితే తప్పు దాక్కుంటుంది." తర్వాత మా నాయన ఎలా ఉన్నాడని అడిగాడు, బాయి కాడి ఇంజన్ ఇంకా ఉందా అని అడిగాడు.

ఆపైన, హైదరాబాద్‌లో మా కార్లు తిరుగుతాయా అన్నాడు. తిరుగుతాయి, ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు మీద, జూబ్లీహిల్స్‌లో కనబడతాయి అన్నాను. రోడ్లెలా ఉంటాయి అన్నాడు. బాగానే ఉంటాయి గానీ స్పీడ్ బ్రేకర్లు ఎక్కువని, ఒక్కోటి ఎంత ఎత్తుంటుందో చెప్పాను. ఆయనకు టెన్షన్ పట్టుకుంది. ఇప్పటి కార్లకు బటన్ నొక్కితే ముందు భాగం పైకి లేస్తుందని, అలా లేపి నిదానంగా దాటిస్తారని చెప్పాక గానీ స్థిమితపడలేదు.

"అడ్డంగా దాటమను" అన్నాడు. "ముందు ఒక చక్రం, తర్వాత ఇంకోటి. అప్పుడు రేకు తగలదు."